గన్‌కు లైట్ బిగిస్తే ఇల్లు సేఫేనా? అమెరికాలో తెలుగు కుటుంబాలు కొనే ముందు చూడాల్సిన లెక్కలివే..

అమెరికాలో సొంతిల్లు కొన్నాక ఇంటి రక్షణ కోసం గన్ కూడా కొనాలనుకునే తెలుగువాళ్లు ఉన్నారు. గన్ కొన్న చాలామంది ఆ వెంటనే చూసేది పిస్టల్ గొట్టం కింద బిగించే చిన్న లైట్. 1,000 లూమెన్లు, 1,500 లూమెన్లు అంటూ బాక్సుల మీద పెద్ద పెద్ద నంబర్లు. యూట్యూబ్‌లో గంటల కొద్దీ రివ్యూలు. ఏది ఎక్కువ వెలుగిస్తే అదే బెస్ట్ అన్నట్టు ప్రచారం.

కానీ ఆ నంబర్లలో ఎక్కడా కనిపించని ప్రశ్న ఒకటుంది. చీకట్లో ఎదురుగా నిలబడ్డది దొంగా.. ఇంట్లో మనిషా? ఆ సంగతి తేల్చుకోవడానికి ఆ మనిషి మీదకే గన్ ఎత్తాల్సి వస్తే? లైట్ ఎంపికలో అసలు చిక్కు ఇదే.

భయం ఊరికే పుట్టలేదు..

2011 నుంచి 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఒక ముఠా ఆసియా, భారత సంతతి కుటుంబాల ఇళ్లనే ఏరి మరీ దోపిడీలు చేసింది. ఇంట్లో మనుషులు ఉండగానే చొరబడటం, పెద్దల్ని, పిల్లల్ని టేపుతో కట్టేయడం, నగదు, నగలు ఊడ్చుకుపోవడం.. ఇదీ ఆ ముఠా పద్ధతి. ఏ ఇళ్లకు వెళ్లాలో జాబితాలు తయారుచేసిన ముఠా నాయకురాలికి ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలు శిక్ష వేసింది. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి దొంగలకూ తెలుసు. అందుకే భయపడేవాళ్లను తప్పుపట్టలేం.

అయితే భయానికి, లెక్కలకు మధ్య తేడా ఉంది. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2003-2007 మధ్య జరిగిన ఇళ్ల చోరీలను పరిశీలించింది. లెక్కలు పాతవే అయినా అందులోని విషయం ఈ చర్చకు చాలా ముఖ్యం. ఏడాదికి సగటున 37 లక్షల చోరీలు జరిగితే, ఇంట్లో మనిషి ఉన్నప్పుడు జరిగినవి దాదాపు 28 శాతం. ఇంట్లోవాళ్ల మీద దాడి దాకా వెళ్లినవి మొత్తంలో 7 శాతం.

ఇక్కడే అసలు ట్విస్ట్. దాడి జరిగిన కేసుల్లో 65 శాతం సందర్భాల్లో లోపలికి వచ్చినవాడు బాధితులకు తెలిసిన మనిషే. ముక్కూమొహం తెలియనివాళ్లు 28 శాతమే. అంటే రాత్రిపూట ఇంట్లో కనిపించే నీడకు ఒక మొహం ఉంటుంది. ఆ మొహం తెలిసినదే అయ్యే అవకాశం ఎక్కువ. లైట్ అవసరం మొదలయ్యేది ఇక్కడే.. కాల్చడానికి కాదు, గుర్తుపట్టడానికి.

ముందు వీసా సంగతి చూసుకోవాలి..

లైట్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలతో అమెరికాలో ఉంటున్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ అందులో ఒకటి. 2022లో వచ్చిన చట్ట సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, పౌరసత్వం ఉన్నవాళ్లు మాత్రం రాష్ట్ర నిబంధనలకు లోబడి కొనుక్కోవచ్చు.

తెలుగు ఇళ్లలో ఇది మరీ చిక్కు. ఒకే కప్పు కింద ఒకరికి గ్రీన్‌కార్డ్, ఒకరికి హెచ్-1బీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బీ-2 విజిటర్ వీసా ఉండొచ్చు. గన్ ఒకరి పేరు మీదే ఉన్నా, మిగతావాళ్ల చేతికి అందేలా పడకగది డ్రాయర్‌లో పడేస్తే అది కూడా వాళ్ల దగ్గర ఉన్నట్టే అనే వాదన వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి తాళం ఎవరి దగ్గర ఉంటుంది అనేది చట్టపరంగా కూడా పెద్ద ప్రశ్నే. ఇలాంటి ఇళ్లవాళ్లు కొనే ముందే లాయర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

పొరపాటు ఖరీదు ఎంత?

2012 సెప్టెంబర్. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ ఫెయిర్‌ఫీల్డ్. పక్కింట్లో ఉండే సోదరి ఫోన్ చేసి బయట ఎవరో ఉన్నారని చెప్పడంతో ఒక స్కూల్ టీచర్ గన్ తీసుకుని బయటకు వెళ్లాడు. ముసుగు వేసుకుని, చేతిలో కత్తితో తన వైపు వస్తున్న మనిషిని కాల్చాడు. ముసుగు వెనక ఉన్నది 15 ఏళ్ల సొంత కొడుకు.

2021 డిసెంబర్. ఒహాయోలోని కొలంబస్. తెల్లవారుజామున ఇంటి అలారం మోగింది. గ్యారేజీలో దొంగ ఉన్నాడనుకుని తండ్రి కాల్చాడు. అక్కడ ఉన్నది 16 ఏళ్ల కూతురు. ఆ అమ్మాయి బతకలేదు.

గుమ్మం బయట జరిగిన పొరపాట్లూ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో కాన్సాస్ సిటీలో తమ్ముళ్లను తీసుకెళ్దామని వచ్చిన 16 ఏళ్ల కుర్రాడు అడ్రస్ పొరబడి వేరే ఇంటి బెల్ కొట్టాడు. 84 ఏళ్ల ఇంటి యజమాని అద్దాల తలుపులోంచే కాల్చాడు. కుర్రాడు ప్రాణాలతో బయటపడ్డాడు. యజమాని 2025 ఫిబ్రవరిలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష ఖరారు కాకముందే చనిపోయాడు. 2025 నవంబర్‌లో ఇండియానాలో ఇళ్లు శుభ్రం చేసే పనికి వచ్చిన మహిళ వేరే ఇంటి గుమ్మం ముందుకు వెళ్లింది. తలుపు లోపలి నుంచి వచ్చిన తూటాకు బలైంది. కాల్చిన ఇంటాయన మీద కేసు నమోదైంది.

ఈ ఘటనలన్నిటికీ గన్ లైట్ ఒక్కటే మందు అని చెప్పలేం. మూసిన తలుపు అవతల ఎవరున్నారో ఎంత ఖరీదైన లైట్ అయినా చూపించదు. ముసుగు వెనక ఉన్న మొహాన్నీ చూపించదు. కానీ అన్నిటిలో కామన్‌గా ఉన్న విషయం ఒక్కటే. ఎదుట ఉన్నది ఎవరో పూర్తిగా తేలకముందే వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లింది. లైట్ కొనేటప్పుడు ప్రతి ఫీచర్‌నూ ఇదే కోణంలో చూడాలి. ఇది గుర్తుపట్టడానికి సాయపడుతుందా? తొందరపాటును ఆపుతుందా, పెంచుతుందా?

లూమెన్.. క్యాండెలా.. ఏంటీ గోల?

బాక్స్ మీద రెండు నంబర్లు ఉంటాయి. లూమెన్లు అంటే లైట్ నుంచి బయటకు వచ్చే మొత్తం వెలుతురు. క్యాండెలా అంటే ఆ వెలుతురు ఒకే దిక్కున ఎంత గట్టిగా దూసుకెళ్తుందనే కొలత. తోటకు నీళ్లు పెట్టే పైపుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పైపులోంచి వచ్చే మొత్తం నీళ్లు లూమెన్లు అయితే, చివర వేలు అడ్డం పెట్టినప్పుడు దూరంగా కొట్టే ధార క్యాండెలా.

స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-1 హెచ్ఎల్ అనే మోడల్ 1,000 లూమెన్లు, 20,000 క్యాండెలా ఇస్తుంది. ధర 150 డాలర్ల అటూఇటూ. ష్యూర్‌ఫైర్ ఎక్స్300 అల్ట్రా మోడల్ కూడా 1,000 లూమెన్లే, కానీ 11,300 క్యాండెలా. దాని ధర 300 డాలర్ల పైమాటే. అంటే మొత్తం వెలుతురు ఒకటే అయినా ఒకదాని ధార సన్నగా దూరం వెళ్తుంది, ఇంకోదాని వెలుగు కాస్త వెడల్పుగా పరుచుకుంటుంది. చిన్న పిస్టళ్లకు పెట్టే టీఎల్ఆర్-7ఏ లాంటివి 500 లూమెన్లు, 5,000 క్యాండెలా స్థాయిలో ఉంటాయి.

మరి ఇంటికి ఎంత కావాలి? చిన్న లెక్క చాలు. క్యాండెలాను దూరం వర్గంతో భాగిస్తే అక్కడ ఎంత వెలుగు పడుతుందో లక్స్‌లో తెలుస్తుంది. 5,000 క్యాండెలా లైట్ 5 మీటర్ల దూరంలో 200 లక్స్ వెలుగు వేస్తుంది. 20,000 క్యాండెలా లైట్ అదే దూరంలో 800 లక్స్ వేస్తుంది. ఆఫీసుల్లో టేబుల్ మీద సాధారణంగా ఉండే వెలుగు 300 నుంచి 500 లక్స్. అంటే చిన్న లైట్ వెలుగులో కూడా 5 మీటర్ల దూరంలోని మొహం, చేతులు, చేతిలో ఉన్నది ఫోనా కత్తా అనేది కనిపిస్తాయి.

ఇంట్లో పడకగది గుమ్మం నుంచి హాల్ చివరి వరకు 10 మీటర్లు దాటడం అరుదు. కాబట్టి ఇంటి లోపల వాడకానికి 500 నుంచి 1,000 లూమెన్ల లైట్ సరిపోతుంది. 60 వేలు, 70 వేల క్యాండెలా లైట్లు దూరం చూడటానికి తయారైనవి. పెద్ద ఫామ్‌హౌస్, పొలాలు ఉన్నవాళ్లకు పనికొస్తాయేమో గానీ, సబర్బ్‌లోని మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి అంత అక్కర్లేదు. ఇంటి లోపల కావాల్సింది సన్నని ధార కాదు, గది మొత్తం మీద పరుచుకునే వెలుగు. మొహం ఒక్కటే కనిపిస్తే చాలదు, చేతులూ కనిపించాలి. పక్కన ఇంకెవరైనా ఉన్నారేమో కూడా తెలియాలి.

తెల్ల గోడలు.. పూజగది అద్దాలు..

ఎక్కువ వెలుగు ఎప్పుడూ మేలు చేయదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అమెరికా ఇళ్లలో గోడలు ఎక్కువగా లేత రంగులోనే ఉంటాయి. నిద్రలోంచి లేచి ఇరుకు హాల్‌లో 1,500 లూమెన్ల లైట్ వేస్తే ఆ వెలుగు గోడ మీద కొట్టుకుని ముందు మీ కళ్లకే వస్తుంది. బీరువా అద్దం, పెద్ద టీవీ స్క్రీన్, పూజగది అద్దాల తలుపులు, అద్దం బిగించిన దేవుడి పటాలు, మెట్ల దగ్గర కిటికీ.. ఇవన్నీ వెలుగును వెనక్కి కొట్టేవే. మీరున్న చోటు అవతలివాడికి చూపించేవే.

అందుకే ఏ లైట్ కొన్నా మొదటి వారం చేయాల్సిన పని ఒకటుంది. గన్‌కు బిగించక ముందే లైట్‌ను విడిగా చేత్తో పట్టుకుని, రాత్రి లైట్లన్నీ ఆపేసి ఇల్లంతా ఒకసారి తిరగాలి. ఎక్కడ వెలుగు వెనక్కి కొడుతోంది, ఏ మూల కనిపించడం లేదు అనేది చూసుకోవాలి. షాపు కౌంటర్ దగ్గర ఎంత బాగా కనిపించినా, సొంతింట్లో పరీక్షించాకే అసలు సంగతి తెలుస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే..

గన్‌కు బిగించిన లైట్ గొట్టం ఎటు చూస్తే అటే చూస్తుంది. ఇది దాని బలం, అదే దాని బలహీనత కూడా. దేనిమీద వెలుగు వేస్తే దాని మీదకు గన్ గురిపెట్టినట్టే. కాల్చదలుచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదన్నది తుపాకీ శిక్షణలో మొదటి రోజే చెప్పే పాఠం. చప్పుడు ఏంటో చూద్దామని గన్ లైట్‌తో ఇల్లంతా గాలించేవాళ్లు ప్రతి గదిలో, ప్రతి మంచం మీద ఆ పాఠాన్ని తప్పుతున్నట్టే.

దీనికి శిక్షణలో నేర్పే మార్గం ఒకటుంది. గొట్టాన్ని మనిషి మీదకు ఎత్తకుండా నేల వైపు దించి లైట్ వేయడం. నేల మీద పడిన వెలుగు పైకి చెదిరి గదంతా మసక వెలుగు పరుస్తుంది. ఎదుట ఉన్నది ఎవరో ఆ వెలుగులోనే తెలుస్తుంది. ఇలా వాడాలంటే వెలుగు వెడల్పుగా పరుచుకునే లైట్ కావాలి. సన్నటి ధార ఉన్న లైట్‌ను నేల మీదకు కొడితే అక్కడ గుండ్రటి మచ్చ మాత్రమే కనిపిస్తుంది, గది కనిపించదు. రివ్యూల్లో ఎక్కువగా వినిపించని ఈ ఒక్క పాయింట్ మీదే ఇంటికి ఏ లైట్ కొనాలనేది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

అయితే నేల వైపు దించినా చేతిలో ఉన్నది తుపాకీయే. కాబట్టి రెండో నియమం.. గన్ లైట్ ఉన్నా లేకపోయినా విడిగా చేతి టార్చ్ ఒకటి మంచం పక్కన ఉండి తీరాలి. 40, 50 డాలర్లు పెడితే 500 లూమెన్ల మంచి టార్చ్ వస్తుంది. చప్పుడు ఏంటో చూడటానికి, కరెంటు పోయినప్పుడు, పిల్లాడు ఏడిస్తే వెళ్లడానికి.. అన్నిటికీ ఆ టార్చే. గన్ లైట్ పని వేరు. ప్రమాదం ఉందని ఖాయమైనప్పుడు, తలుపు వేసుకుని కుటుంబాన్ని కాపాడుకుంటున్నప్పుడు, గన్ అప్పటికే చేతిలోకి వచ్చాక మాత్రమే దానికి పని.

స్విచ్ ఎక్కడుంది? ఒక ప్రాణం పోయిన ప్రశ్న..

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ శివారు ప్లేనోలో 2010లో జరిగిన ఘటన ఈ చర్చలో తప్పక చెప్పుకోవాల్సింది. డ్రగ్స్ ఆపరేషన్‌లో ఒక పోలీసు అధికారి అనుమానితుడి వైపు పిస్టల్ పట్టుకుని ఉన్నాడు. ఆ పిస్టల్‌కు లైట్ ఉంది. దాని స్విచ్ ట్రిగ్గర్ గార్డుకు దిగువన, పిడి ముందు భాగంలో ఉంది. లైట్ వేద్దామని వేళ్లు బిగించానని, తూటా పేలిందని ఆ అధికారి తర్వాత వాంగ్మూలంలో చెప్పాడు. అవతలి మనిషి ప్రాణం పోయింది.

శిక్షణ పొందిన పోలీసుకే ఇలా జరిగితే, అర్ధరాత్రి నిద్ర మత్తులో లేచిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ సంగతేంటి? ఒత్తిడిలో ఒక వేలు బిగిస్తే పక్క వేళ్లూ బిగుసుకుంటాయి. అందుకే స్విచ్ విషయంలో మూడు అంశాలు చూడాలి. ఒకటి.. ట్రిగ్గర్ దగ్గరి వేలితో అవసరం లేకుండా, రెండో చేతి బొటనవేలితో వేసేలా స్విచ్ ఉండాలి. రెండు.. నొక్కినంతసేపే వెలిగేలా ఒకటి, వేసి వదిలేస్తే వెలుగుతూ ఉండేలా ఒకటి.. రెండూ సులువుగా కుదరాలి. మూడు.. ఇంట్లో ఎడమచేతివాటం ఉన్నవాళ్లు వాడేట్టయితే రెండు వైపులా స్విచ్ ఉండాలి. కళ్లు జిగేల్‌మనేలా టపటపా కొట్టుకునే స్ట్రోబ్, లేజర్ లాంటి అదనపు హంగులు ఇంటికి అవసరం లేదు. పొరపాటున స్ట్రోబ్ ఆన్ అయితే గుర్తుపట్టడం మరింత కష్టమవుతుంది. కొన్ని మోడళ్లలో దాన్ని పూర్తిగా ఆపేసుకునే వీలుంది.

బ్యాటరీ, బిగింపు, పెట్టె..

ఈ లైట్లలో చాలావరకు సీఆర్123ఏ లిథియం బ్యాటరీలు వాడతారు. 1,000 లూమెన్ల లైట్ రెండు బ్యాటరీలతో సుమారు గంటన్నర వెలుగుతుంది. ప్యాకెట్‌లో ఉంటే ఈ బ్యాటరీలు పదేళ్ల వరకు నిల్వ ఉంటాయి. కాబట్టి అత్యవసరానికి దాచుకునే లైట్‌కు ఇవి నమ్మకమైనవి. రీఛార్జబుల్ లైట్లు చౌక, కానీ నెలల తరబడి డ్రాయర్‌లో ఉండే వస్తువును ఛార్జ్ చేయడం గుర్తుండదు. అమెరికాలో మార్చి, నవంబర్ నెలల్లో గడియారాలు మార్చేటప్పుడు స్మోక్ అలారం బ్యాటరీలు చూసుకోవడం అలవాటు. అదే రోజు ఈ లైట్ కూడా చూసుకుంటే సరి. కొత్త బ్యాటరీని పాతదానితో, ఒక కంపెనీదాన్ని ఇంకోదానితో కలపకూడదు. వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

బిగింపు విషయానికొస్తే, పిస్టల్ కింద గాడి ఉండాలి. అన్ని గన్‌లకూ అన్ని లైట్లూ పట్టవు. ఏ గన్‌కు ఏ లైట్ అనేది కంపెనీ జాబితాలో చూసుకోవాలి. బిగించేటప్పుడు, తీసేటప్పుడు గన్‌లో తూటాలు లేకుండా చూసుకోవడం తప్పనిసరి. ఎందుకంటే చెయ్యి గొట్టం ముందుకు వచ్చేది అప్పుడే. బిగించాక రేంజ్‌కు వెళ్లి కాల్చి చూడాలి. లైట్ బరువు, అంటే పెద్ద మోడల్ అయితే సుమారు 120 గ్రాములు, తోడయ్యాక గన్ మామూలుగానే పనిచేస్తోందా, ఎదురుదెబ్బకు స్క్రూ వదులవుతోందా అనేది అక్కడే తెలుస్తుంది.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి.. పెట్టె. లైట్ బిగించాక గన్ లావవుతుంది. అంతకుముందు వాడిన బెడ్‌సైడ్ సేఫ్‌లో పట్టదు. పట్టలేదని డ్రాయర్‌లో పెట్టడం మొదలుపెడితే లైట్ కొన్న లాభం అంతా పోయినట్టే. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న గన్ అందేలా నిర్లక్ష్యంగా ఉంచితే యజమాని మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లల కంటికి స్విచ్ నొక్కితే వెలిగే గన్ బొమ్మలాగే కనిపిస్తుంది. కాబట్టి లైట్‌తో పాటు పట్టే సేఫ్ ధర కూడా బడ్జెట్‌లో కలుపుకోవాలి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు..

తెలుగు ఇళ్లకు మాత్రమే ఉండే ఇబ్బంది ఇది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12.30 అయితే వేసవిలో డాలస్‌లో రాత్రి 2 గంటలు. విజయవాడ నుంచో, కరీంనగర్ నుంచో దిగిన పెద్దవాళ్లకు మొదటి వారం పది రోజులు అదే లంచ్ టైమ్. ఆకలేస్తుంది. నిద్ర పట్టదు. పిల్లల్ని లేపడం ఎందుకులే అని లైట్ వేయకుండానే కిచెన్‌లోకి వెళ్తారు. గిన్నె జారుతుంది. తెల్లారుజామున గాలి కోసం వెనక తలుపు తీస్తే అలారం మోగుతుంది. ఇంటి ఓనర్ చెవికి అది దొంగ చప్పుడే.

ఆ సమయంలో గన్ పట్టుకుని ఇంగ్లిష్‌లో 'డోంట్ మూవ్' అని అరిస్తే, సగం చెవుడున్న నాన్నకు వినిపించకపోవచ్చు. వినిపించినా అర్థం కాక ముందుకే రావచ్చు. కళ్లల్లో 1,000 లూమెన్లు కొడితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. భయంలో ఉన్నవాడికి ఆ చెయ్యి కదలడం దాడిలాగే కనిపిస్తుంది.

దీనికి పరిష్కారం ఏ కంపెనీ అమ్మదు. ఇంట్లోనే పెట్టుకోవాలి. పెద్దవాళ్లు దిగిన రోజే చెప్పాలి.. రాత్రి లేస్తే లైట్ వేయండి, మొహమాటం వద్దు అని. హాల్, కిచెన్, బాత్రూమ్ దారిలో మనిషి కదిలితే వెలిగే చిన్న ప్లగ్ లైట్లు పెట్టాలి. అలారం ఎలా ఆపాలో నేర్పాలి. ముందు చేయాల్సింది తలల లెక్క.. పిల్లలు పడక మీద ఉన్నారా, పెద్దవాళ్లు గదిలో ఉన్నారా అని చూసుకోవడం. ఆ తర్వాత తెలుగులో గట్టిగా "ఎవరది?" అని పిలవడం. "నేనేరా" అని జవాబు వస్తే కథ అక్కడే ముగుస్తుంది. కాలేజీ నుంచి చెప్పకుండా వచ్చే పిల్లలకు కూడా ఇదే నియమం.. తలుపు తీసే ముందు ఫోన్.

ఇంకో లెక్క కూడా చూడాలి. మన ఇళ్లలో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 800 నుంచి 900 లూమెన్లు. 300 డాలర్ల గన్ లైట్ ఇచ్చేది 1,000. గోడ మీద స్విచ్, ఫోన్‌తో వెలిగే స్మార్ట్ బల్బు.. ఇవి గది మొత్తాన్ని ఒకేసారి చూపిస్తాయి. పైగా ఎవరి మీదకూ గొట్టం ఎత్తక్కర్లేదు. గదిలోంచి కదలకుండానే కింద హాల్‌లో లైట్లన్నీ వెలిగించగలిగితే దొంగలు చాలామంది అక్కడి నుంచే పారిపోతారు. ఇంట్లోవాళ్లయితే పేరు పెట్టి పలుకుతారు.

చట్టం ఏం చూస్తుంది?

సొంతింట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకునే హక్కును అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ఖరారు చేసింది. ఇంట్లోకి చొరబడ్డవాడి నుంచి వెనక్కి తగ్గాల్సిన పని లేదనే సూత్రం చాలా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. దీన్ని చూపించి 'మన ఇల్లు, మన ఇష్టం' అనుకునేవాళ్లు ఉన్నారు. అది సగం నిజమే.

ప్రాణభయం ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉందా అనేది కోర్టులు చూస్తాయి. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రం హీబ్రన్‌లో దారి తప్పి తన డ్రైవ్‌వేలోకి వచ్చి, తిరిగి వెళ్తున్న కారు మీద ఇంటి యజమాని కాల్చాడు. కార్లో ఉన్న 20 ఏళ్ల యువతి చనిపోయింది. జ్యూరీ దాన్ని హత్యగా తేల్చింది. 25 ఏళ్ల నుంచి జీవితకాలం జైలు పడింది. ఎదుటి మనిషిని గుర్తుపట్టే వీలు ఉందా, ఆ ప్రయత్నం చేశాడా అనే ప్రశ్న విచారణలో రాకుండా ఉండదు. గన్‌కు ఖరీదైన లైట్ ఉండి కూడా వాడకపోతే అదీ ప్రశ్నే అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. 911కు ఫోన్ చేశాక పోలీసులు వచ్చేసరికి చేతిలో లైట్ వెలుగుతున్న గన్ ఉంటే, వాళ్లకు ఇంటి ఓనర్‌కు, దొంగకు తేడా తెలియదు. మీరెక్కడున్నారు, ఏ బట్టలు వేసుకున్నారు, గన్ ఉందా అనేవి ఫోన్లోనే చెప్పాలి. లైన్ కట్ చేయకూడదు. వాళ్లు లోపలికి వచ్చే ముందే గన్ కింద పెట్టేయాలి.

మొత్తంగా చూస్తే..

లైట్ కొనాలనుకుంటే ఇంటికి 500 నుంచి 1,000 లూమెన్లు, 5,000 నుంచి 20,000 క్యాండెలా చాలు. వెలుగు వెడల్పుగా పరుచుకోవాలి. స్విచ్ ట్రిగ్గర్ వేలికి దూరంగా ఉండాలి. బ్యాటరీ నమ్మకమైనది కావాలి. లైట్‌తో సహా పట్టే సేఫ్ ఉండాలి. దాంతో రేంజ్‌లో, చీకట్లో వాడే శిక్షణ తీసుకోవాలి. ఇంత చేసినా అది వరుసలో చివరి లైట్. దానికంటే ముందు గోడ మీది స్విచ్, హాల్‌లో ప్లగ్ లైట్, మంచం పక్కన చేతి టార్చ్ ఉండాలి.

డబ్బు ఖర్చు పెట్టే క్రమం కూడా అదే అయితే మంచిది. 20 డాలర్ల ప్లగ్ లైట్లు, 50 డాలర్ల టార్చ్, మంచి సేఫ్, ఆ తర్వాతే 150 డాలర్ల గన్ లైట్. దొంగ పోతే మళ్లీ పట్టుకోవచ్చు. బంగారం పోతే ఇన్సూరెన్స్ చేసి ఉంటే కొంతైనా వస్తుంది. గుర్తుపట్టకుండా నొక్కిన ట్రిగ్గర్‌ను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు.